వోస్‌లో ఒక ఇంట్లో ఎనిమిది రోజులు

మే 11, ఆదివారం

ఓస్లోలో పొద్దున్నే ఎక్కిన రైలు బెర్గెన్ దాకా వెళ్తుంది. నేను దిగాల్సింది దానికి గంటకి పైగా ముందే వచ్చే వోస్‌లో. మొత్తం ఐదున్నర గంటల ప్రయాణం. ఈ లైను 1909లో మొదలైంది, కొండల మీదుగా వేశారు. మొదట అడవులు, ఎర్రచెక్క ఇళ్ళు, తర్వాత చెట్లు పొట్టివైపోయి, ఆ తర్వాత అసలు చెట్టన్నదే లేకుండా పోయి, ఫిన్సె అనే స్టేషన్ దగ్గరికొచ్చేసరికి కిటికీ బయట అంతా మంచే. 1,222 మీటర్లు, నార్వేలో ఇంతకన్నా ఎత్తున రైల్వే స్టేషన్ లేదు. మా తెనాలి వైపు రోహిణి కార్తె రాకముందే రోళ్ళు పగిలేట్టు ఎండలు కాస్తున్నాయని పొద్దున్నే అమ్మ ఫోన్‌లో చెప్పింది, ఇక్కడేమో సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. పక్క సీట్లో పెద్దాయన ఐదు గంటల్లో నాతో ఒక్క మాటా మాట్లాడలేదు కానీ, ఫిన్సె రాగానే నాకు కనబడాలని తన బ్యాగు కిందికి దించి, సీటు వెనక్కి జరిపారు.

యువతీయువకుల కార్యక్రమం మీద రకరకాల దేశాల నుంచి పన్నెండు మందిమి వచ్చాం. పగలు క్లాసులు, మిగతా టైమంతా ఒక్కొక్కరం ఒక్కో ఇంట్లో. నన్ను తీసుకెళ్ళడానికి స్టేషన్‌కి ఇంటావిడే వచ్చారు. కారెక్కగానే తన పేరు చెప్పి, అలాగే పిలువు అన్నారు. అమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆంటీ అనబోతే, మేనకోడళ్ళు కూడా తనని పేరుతోనే పిలుస్తారని చెప్పారు. ఈ దేశంలో బడిపిల్లలు టీచర్‌ని కూడా పేరుతోనే పిలుస్తారట, ‘మీరు’ అనే మాట వాళ్ళ భాషలో ఉన్నా ఇప్పుడెవరూ వాడరట. వాళ్ళ పేర్లు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు, అందుకని ఇంటావిడ, ఇంటాయన, పదేళ్ళ చిన్నాడు అనే రాస్తాను.

ఊరికి కొంచెం పైన ఏటవాలు మీద తెల్ల చెక్క ఇల్లు, పక్కనే ఎర్రరంగు గొర్రెల కొట్టం, కింద సరస్సు. గుమ్మంలో చెప్పులు విప్పేసి లోపలికెళ్ళాలి, అది మాత్రం మన ఇంటికి వచ్చినట్టే అనిపించింది. లోపలికి అడుగు పెట్టగానే ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి, “నీది” అన్నారు. ఫ్రిజ్ చూపించి, ఆకలేసినప్పుడు తెరుచుకో అన్నారు.

భోజనం సాయంత్రం నాలుగున్నరకే. ఉడికించిన బంగాళాదుంపలు, సాల్మన్ చేప, దోసకాయ ముక్కలు. గిన్నెలు మధ్యలో పెట్టి ఎవరికి కావాల్సింది వాళ్ళే వడ్డించుకుంటారు. నేను మొదటిసారి కొంచెమే పెట్టుకున్నాను. ఇంటాయన “ఇంకా కావాలా?” అన్నారు. “చాలండి” అన్నాను. సరే అని గిన్నె తీసి మూతపెట్టేశారు.

మనకి ఇది వివరంగా చెప్పక్కర్లేదు. ఎవరింటికైనా వెళ్తే మొదటిసారి వద్దంటాం, రెండోసారి చేయి అడ్డం పెడతాం, మూడోసారికి ఆ ఇంటివాళ్ళు “నీ మొహమాటం పాడుగాను” అంటూ కంచంలో వేసేస్తారు, అప్పుడు తింటాం. మా అమ్మమ్మ అయితే వద్దన్నవాళ్ళ విస్తట్లోనే ముందు వేస్తుంది. ఆ రాత్రి తొమ్మిదికి రొట్టె, చీజ్ బల్ల మీద పెట్టి మళ్ళీ ఒక్కసారి అడిగారు. నేను మళ్ళీ వద్దన్నాను. పదిన్నరకి కూడా ఇంకా వెలుతురుగానే ఉంది, పడుకుంటే నిద్ర పట్టలేదు, సూట్‌కేసులోంచి జంతికల పొట్లం తీసి చప్పుడు కాకుండా తిన్నాను. వీళ్ళకి నేను రావడం ఇష్టం లేదేమో అని కూడా అనుకున్నాను. అంత మంచివాళ్ళ గురించి అలా అనుకున్నందుకు ఇప్పుడు బాధగా ఉంటుంది.

మే 12, సోమవారం

ఈ ఇంట్లో మధ్యాహ్నం భోజనం ఎవరిది వాళ్ళే పొద్దున కట్టుకోవాలి. చిన్నాడు కూడా. రొట్టె ముక్క, దానిమీద వెన్న, దానిమీద ఏదో ఒకటి, తర్వాత పల్చటి కాగితం, మళ్ళీ ఇంకో ముక్క. అలా పేర్చి పొట్లం కట్టేస్తే అదే మాత్‌పక్కె. మధ్యలో పెట్టే ఆ కాగితాలు సరిగ్గా రొట్టె సైజులో కత్తిరించి దుకాణంలో అమ్ముతారు. చిన్నాడు నాకు మడత ఎలా వేయాలో రెండుసార్లు చూపించాడు.

అప్పుడే మొదటిసారి బ్రూనొస్త్ తిన్నాను. గోధుమరంగు చీజ్. పాలు విరిచాక మిగిలే తేటని గంటల తరబడి మరిగిస్తే అందులోని చక్కెర మాడి ఆ రంగు వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా తినే రకంలో మీగడ కూడా ఉంటుంది, 1863లో గుడ్‌బ్రాండ్స్‌డాలెన్ లోయలో ఆన్నె హోవ్ అనే రైతు ఇల్లాలు అలా కలిపి చూసిందట. కోవా చేసినప్పుడు మూకుడు అడుగున అంటుకుని కొంచెం మాడిన గోకుడు ఉంటుంది చూడండి, చిన్నప్పుడు గరిటె కోసం కొట్టుకునేవాళ్ళం, అచ్చం ఆ రుచి, కాకపోతే కొంచెం ఉప్పగా. దీన్ని కోయడానికి వేరే పనిముట్టు ఉంది. చెక్క మీద చిత్రిక పట్టినట్టు పైన లాగితే పల్చటి పొర వస్తుంది. 1925లో లిల్లెహామర్‌లో ఒక వడ్రంగి, థూర్ బ్యోర్క్‌లుండ్, నిజంగానే తన చిత్రికని చూసే దీన్ని తయారుచేశాడు. 

పగలంతా క్లాసులు. సాయంత్రం వాన.

మే 13, మంగళవారం

17న వాళ్ళ జాతీయ దినం. దానికి ముందు ఊరంతా శుభ్రం చేసుకుంటారు. సాయంత్రం ఆరింటికి చిన్నాడి బడి దగ్గరికి అందరం వెళ్ళాం. దూగ్నాద్ అంటారు, మన శ్రమదానం లాంటిదే. చలికాలంలో రోడ్డు జారకుండా చల్లిన కంకర ఊడ్చి ఎత్తారు, ఎండుటాకులు పోగుచేశారు, కంచెకి రంగు వేశారు. నాతో పాటు తోపుడుబండి తోసినావిడ ఊళ్ళో డాక్టరని తర్వాత తెలిసింది. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు, ఖాళీగా ఉన్న పార ఎవరికి దొరికితే వాళ్ళు తీసుకున్నారు. చివర్లో కాఫీ, వాఫెల్స్. రైల్లో ఐదు గంటలు పలకరించని దేశం ఇదేనా అనిపించేలా మాట్లాడుకున్నారు. చేతిలో పని ఉంటే వీళ్ళకి మాట సులువుగా వస్తుందని నాకు అర్థమైంది.

ఇప్పుడు గొర్రెలు ఈనే కాలం. భార్యాభర్తలిద్దరికీ వేరే ఉద్యోగాలున్నాయి, అయినా ఈ మూడు వారాలూ రాత్రిళ్ళు వంతులేసుకుని కొట్టంలో కాపలా ఉంటారు. పడుకోబోయే ముందు ఇంటాయన, “రాత్రి ఏదైనా ఈనితే లేపమంటావా?” అని అడిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నోటితో మాత్రం “అయ్యో వద్దు, మీకెందుకు శ్రమ” అన్నాను.

మే 14, బుధవారం

పొద్దున చిన్నాడు చెప్పాడు, రాత్రి రెండు గొర్రెలు ఈనాయి, ఐదు పిల్లలు అని. రొట్టె కోస్తుంటే నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఇంటావిడ చూసి, ఏమైందని ఒక్కసారి అడిగి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. అప్పుడు మొత్తం చెప్పేశాను. ఆకలి సంగతి, జంతికల సంగతి, రాత్రి లేపమనాలని ఎంత ఉన్నా వద్దన్న సంగతి, మా దగ్గర మూడుసార్లు అడుగుతారనీ, అడగాలనీ.

ఆవిడ మొహం పాలిపోయింది. “మూడు రోజులు నిన్ను ఆకలితో ఉంచామా” అన్నారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే ఆ మనిషి మాటని నమ్మనట్టు అట, అది బలవంతం చేసినట్టు అట. పిల్లల్ని కూడా అలాగే పెంచారట. ఒక ఇంట్లో బతిమాలి పెట్టడం మర్యాద, ఇంకో ఇంట్లో బతిమాలకపోవడం మర్యాద. రెండిళ్ళవాళ్ళకీ ఉన్నది ప్రేమే అని నేను ఇంకొకరు చెప్తే నమ్మేదాన్ని కాదు, ఆవిడ మొహం చూశాను కాబట్టి నమ్ముతున్నాను.

ఆ సాయంత్రం తాళింపు పెట్టి పప్పు వండాను, ఎర్రకందిపప్పు ఇక్కడ దుకాణంలో దొరికింది. తింటూ మాటల్లో వోస్ వాళ్ళ ప్రత్యేకమైన వంట గురించి ఇంటాయన కాస్త జంకుతూ చెప్పారు. స్మాలహోవె అంటే గొర్రె తలకాయ. బొచ్చు కాల్చి, ఉప్పులో ఊరబెట్టి, ఎండబెట్టి, మూడు గంటలు ఆవిరి మీద ఉడికించి, బంగాళాదుంపలతో తింటారు. కొవ్వు ఎక్కువ కాబట్టి చెవి, కన్ను వేడిగా ఉన్నప్పుడే ముందు తినెయ్యాలి. బయటి దేశాలవాళ్ళు ఇది విని మొహం తిప్పుకుంటారని ఆయన భయం. మా ఇంట్లో ఆదివారం తలకాయ కూర వండితే మెదడు కోసం నేనూ మా అన్నయ్యా ఎలా పంచుకునేవాళ్ళమో చెప్పాను. బొచ్చు కాల్చేది మంట మీదేనా, పసుపు రాస్తారా, కారం ఎంత, ఎంతసేపు ఉడకాలి, ఆయన ఒక్కొక్కటీ అడుగుతూనే ఉన్నారు. ఆదివారం నుంచి నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఎన్నో, అన్ని ఆ ఒక్క అరగంటలో మాట్లాడారు.

పడుకునే ముందు నేనే వెళ్ళి చెప్పాను, రాత్రి లేపండి అని.

రెండు కావస్తుండగా తలుపు మీద రెండు దెబ్బలు. ఆకాశం పూర్తిగా చీకటిగా లేదు, ఉత్తరం వైపు ముదురు నీలంగా వెలుతురు ఉంది. కొట్టంలో ఎండుగడ్డి, పులిసిన మేత వాసన. రెండు పిల్లలు బయటికొచ్చేశాయి, తల్లి నాకుతోంది. మూడోది చిన్నది, పసుపు జిగురుతో తడిసి, కదలకుండా పడుంది. ఇంటాయన దాని ముక్కు, నోరు వేలితో తుడిచి, గడ్డిపోచతో ముక్కులో గుచ్చారు. తుమ్మింది. బొడ్డుకి అయొడిన్ రాసి, తువ్వాలులో చుట్టి, ఏమీ అడక్కుండా నా ఒళ్ళో పెట్టారు. దాని గుండె నా మణికట్టుకి తగులుతూ ఎంత వేగంగా కొట్టుకుందో. తల్లి నుంచి పిండిన ముర్రుపాలు సీసాలో ఇచ్చారు. ఆ పచ్చటి చిక్కదనం నాకు బాగా తెలుసు, అమ్మమ్మ వాళ్ళ గేదె ఈనినప్పుడు దూడ తాగాక మిగిలిన వాటితోనే కదా మాకు జున్ను. మొదట తాగలేదు, నాలుక కింద వేలు పెట్టి చూస్తే చల్లగా ఉంది, ఇంకా రుద్దాలి అన్నాను. ఆయన తలూపి ఇంకో తువ్వాలు ఇచ్చారు. పది నిమిషాలకి చప్పరించడం మొదలుపెట్టింది. మూడు పిల్లలకీ తల్లి దగ్గర పాలు చాలవు కాబట్టి, ఒకే పిల్ల ఉన్న ఇంకో గొర్రెకి దీన్ని అలవాటు చేస్తారట.

మే 15, గురువారం

భోజనం నాలుగున్నరకే అయిపోతుంది, చీకటి పడేది రాత్రి పదిన్నర తర్వాత, కాబట్టి సాయంత్రం అంటే ఇక్కడ ఇంకో పగలు. ఇంటాయన, చిన్నాడు, నేను మ్యుర్క్‌డాలెన్ వైపు బయల్దేరాం. కొండ మీద వాళ్ళకో చిన్న చెక్క గది ఉంది, హిత్తె అంటారు, చలికాలం తర్వాత కప్పు ఎలా ఉందో చూడాలి. దారిలో త్వింద జలపాతం, మంచు కరుగుతుండటంతో నూటపది మీటర్ల మీంచి కొండంతా పరుచుకుని దూకుతోంది. 

కారు ఆపి నడక. పైకి వెళ్తున్నకొద్దీ మంచు. పైకి గట్టిగా కనిపిస్తుంది, అడుగేస్తే మోకాలి దాకా దిగిపోతుంది, కింద ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు. హిత్తె కప్పు కనిపిస్తూనే ఉంది, ఒక రెండు వందల మీటర్లు. ఇంటాయన ఆగి “ఎలా ఉంది, వెళ్దామా?” అన్నారు. నాకు భయంగా ఉంది. బాగానే ఉందండి, వెళ్దాం అన్నాను. అన్నం విషయంలో వదిలిన మొహమాటం ఇక్కడ వదల్లేదు. నాలుగడుగులు వేశానో లేదో కాలు నడుము దాకా దిగబడింది, చెప్పాపెట్టకుండా ఆయన పేరు నా నోట్లోంచి గట్టిగా వచ్చేసింది. ఐదు రోజుల్లో మొదటిసారి.

పైకి లాగాక చిన్నాడు తండ్రితో “నాకు భయమేస్తోంది, నేను రాను” అన్నాడు. మామూలు గొంతుతో, నీళ్ళు కావాలి అన్నట్టు. ఆయన వెంటనే సరే అని వెనక్కి తిరిగారు. ఇంత దూరం వచ్చాం కదా అని ఒక్క మాట కూడా అనలేదు. ఎండ తగిలే బండ మీద కూర్చుని నారింజలు, క్విక్ లున్ష్ చాక్లెట్ తిన్నాం. 1937 నుంచి ఉన్న చాక్లెట్ అది, కొండకి వెళ్ళేవాళ్ళ సంచిలో ఉండి తీరుతుంది. దాని కాగితం లోపలివైపు కొండ మీద పాటించాల్సిన తొమ్మిది నియమాలు అచ్చువేసి ఉంటాయి. చిన్నాడు కాగితం విప్పి ఎనిమిదోది వేలితో చూపించి చదివాడు, తండ్రి ఇంగ్లీషులో చెప్పారు: వేళకి వెనక్కి తిరుగు, తిరగడంలో సిగ్గేమీ లేదు. ఆ కాగితం అడిగి తీసుకున్నాను, నా పాస్‌పోర్ట్‌లో ఉంది.

మే 16, శుక్రవారం

శుక్రవారం రాత్రి టాకోలు, ఈ వీధిలో అన్నిళ్ళలోనూ అవేనట. మిగతా సాయంత్రమంతా ఇస్త్రీ. రేపటికి కట్టుకునే బూనాద్ బయటికి తీశారు. ఒక్కో ప్రాంతానికి ఒక్కో బూనాద్, కుట్టు, రంగు, పూస చూసి ఎక్కడివాళ్ళో చెప్పేస్తారు. చాలామంది ఆడపిల్లలకి పద్నాలుగు, పదిహేనేళ్ళప్పుడు చర్చిలో జరిగే వేడుకకి కుట్టిస్తారు, జీవితాంతం అదే, ఒళ్ళు మారితే వదులు చేసి కుట్టించుకుంటారు. 2024లో యునెస్కో కూడా దీన్ని తన జాబితాలో చేర్చింది. 

ఇంటావిడ వాళ్ళమ్మగారు వచ్చారు, 82 ఏళ్ళు. ఆవిడని ఏమని పిలవాలా అని మళ్ళీ టెన్షన్. చిన్నాడు మూర్‌మూర్ అని పిలుస్తున్నాడు. మూర్ అంటే అమ్మ. అంటే అమ్మ అమ్మ. అమ్మమ్మే! తండ్రి తల్లి అయితే ఫర్‌మూర్, నాన్న అమ్మ, మన నాయనమ్మ. ఇంగ్లీషులో లేని ఈ తేడా ఇక్కడ మనలాగే ఉంది. నేనూ అలా పిలవచ్చా అని అడిగాను. అడిగాను! ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు.

నా చీర చూసి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “ఇది ఏ ఊరిది?” చీర అందంగా ఉందని ఈ దేశంలో చాలామంది అన్నారు, ఏ ఊరిదని ఎవరూ అడగలేదు. మంగళగిరి అని చెప్పాను. మా ఊరికి దగ్గరే, మగ్గం మీద నేస్తారు, అంచు చూసి గుర్తుపట్టచ్చు అని. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని జరీ అంచు తిరగేసి, వెనకవైపు ఎలా ఉందో చూశారు. మా అమ్మమ్మ కూడా ముందు వెనకవైపే చూస్తుంది.

మే 17, శనివారం

ఎనిమిదింటికి జెండా ఎగరేశారు. నేలకి తగలకుండా ఎలా పట్టుకోవాలో చిన్నాడు నాకు నేర్పాడు. తర్వాత చుట్టుపక్కలవాళ్ళంతా కలిసి టిఫిన్, గుడ్లు, పొగబెట్టిన సాల్మన్. ఒకరికొకరు “గ్రాతులేరెర్ మె దాగెన్” అని చెప్పుకుంటారు, పుట్టినరోజుకి చెప్పేది కూడా ఇదే మాట. 1814లో ఈ రోజున ఐడ్స్‌వోల్‌లో రాజ్యాంగం మీద సంతకాలయ్యాయి, ఆ తర్వాత స్వీడన్‌తో కలిసి ఉండాల్సి వచ్చినా, 1905లో విడిపోయినా, పండుగ మాత్రం ఇదే.

ఊరేగింపులో సైనికులు లేరు. పిల్లలే. ఒక్కో బడి తన బ్యానర్ పట్టుకుని, ముందు బ్యాండు వాయించుకుంటూ, హుర్రా అని అరుస్తూ పోతారు. చిన్నాడు డ్రమ్ము కొట్టాడు. నడుస్తుంటే ఆడవాళ్ళ రొమ్ము మీది వెండి పతకాల చిన్న రేకులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి, ఒక్కరిది వినపడదు, వందమంది పక్కనుంచి వెళ్తే వినపడుతుంది. 

మూర్‌మూర్‌తో పాత రాతి చర్చి పక్కన బల్ల మీద కూర్చున్నాను. ఆ చర్చి 1277 నాటిది. 1940 ఏప్రిల్‌లో జర్మన్ విమానాలు బాంబులు వేస్తే ఊరి నడిబొడ్డంతా కాలిపోయింది, చర్చి నిలబడింది. తర్వాత ఐదేళ్ళు ఈ పండుగ చేసుకోవడం నిషేధం. 1945 మే 8న విముక్తి వచ్చింది, తొమ్మిది రోజులకే మే 17. అప్పుడు మూర్‌మూర్‌కి రెండేళ్ళు, తండ్రి భుజాల మీద కూర్చోబెట్టుకుని ఈ దారినే తీసుకెళ్ళారట. తనకి గుర్తులేదు, అమ్మ చెప్పేదట, ఆ రోజు పెద్దవాళ్ళు హుర్రా అనబోయి ఏడ్చేశారని. పిల్లల వరస వెళ్తున్నంతసేపూ ఆవిడ లేచి నిలబడే ఉన్నారు. 

సాయంత్రం బడి ఆవరణలో ఆటలు. చెంచాలో బంగాళాదుంప పెట్టుకుని పరిగెత్తే పందెం, మన నిమ్మకాయ-చెంచా ఆటే, కాకపోతే చేత్తో పట్టుకుని. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి నేనూ పరిగెత్తాను, మూడోదాన్ని వచ్చాను. ఐస్‌క్రీమ్ మూడు తిన్నాను, ఒక్కోసారి ఒక్కసారే అడిగారు, ఒక్కోసారీ ‘యా తక్’, కావాలి థాంక్స్, అన్నాను.

మే 18, ఆదివారం

వెళ్ళేవాళ్ళు తమ పక్క దుప్పట్లు తామే తీసి మడతపెట్టాలి, అది ఇక్కడి పద్ధతి. తాళంచెవి బల్ల మీద పెట్టాను. కొట్టంలోకి వెళ్ళి ఆ పిల్లని చూసొచ్చాను, చెవికి పసుపు బిళ్ళ వేశారు, కొత్త తల్లి దాన్ని తోసెయ్యడం మానేసింది. మిగిలిన గోంగూర పచ్చడి సీసా ఇంటాయన తనే అడిగి తీసుకున్నారు. జూన్‌లో గొర్రెల్ని కొండ మీదికి వదులుతారు, సెప్టెంబరు దాకా అవి అక్కడే.

స్టేషన్లో, మా తెలుగులో వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి అని ఇంటావిడకి చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, మా దగ్గర ఆ సగం వేరే మాటలో ఉంది అన్నారు. మళ్ళీ కలిసినప్పుడు మొట్టమొదట చెప్పేది, ‘తక్ ఫోర్ సిస్త్’, కిందటిసారికి థాంక్స్ అని. ఏళ్ళ తర్వాత కలిసినా అదే చెప్తారట. ఇవాళ చెప్పచ్చా అంటే, ఉహుఁ, ఇవాళ కాదు, అది గుమ్మంలో చెప్పాలి అన్నారు.

రైలొచ్చింది. ఆవిడ పేరు పెట్టి పిలిచి, వెళ్ళొస్తాను అన్నాను.